ముందు బ్యాటరీ, తర్వాతే కెమెరా

హోస్ట్: అన్నా, రోజూ జేబులో పెట్టుకుని తిరగడానికి ఒక చిన్న డిజిటల్ కెమెరా కావాలి, ఖరీదు ఎక్కువ ఉండకూడదు. మొదట ఏం చూడాలి? మెగాపిక్సెల్సా, జూమా?

గెస్ట్: రెండూ కాదు. బ్యాటరీ చూడాలి. ఏ మోడల్ నచ్చినా ముందు దాని బ్యాటరీ నంబరు కనుక్కో. అది కొత్తది దొరుకుతుందంటేనే ముందుకెళ్లు. ఎందుకంటే 2010లో జపాన్ కంపెనీలు పది కోట్లకు పైగా కాంపాక్ట్ కెమెరాలు, అంటే ఇలా జేబులో పట్టేవి, పంపాయి, 2023కి అది ఇరవై లక్షల లోపుకి పడిపోయింది. కాబట్టి ఇప్పుడు మనకు దొరికేది చాలావరకు తయారీ ఆగిపోయిన సరుకే. కెమెరా బాగానే ఉంటుంది, అందులో బ్యాటరీ మాత్రం పదేళ్ల నాటిది. పది ఫొటోలకే దిగిపోతుంది, లేదంటే ఉబ్బిపోయి గదిలోంచి ఊడి రాదు.

హోస్ట్: అయితే ఏ బ్యాటరీలు ఇంకా దొరుకుతున్నాయి?

గెస్ట్: ఎక్కువ మోడళ్లకు సరిపోయేవి. కానన్ ఐక్సస్ 185కీ 285 హెచ్‌ఎస్‌కీ ఒకటే, ఎన్‌బీ-11ఎల్‌హెచ్. సోనీ డబ్ల్యూ800, డబ్ల్యూ830లకు ఎన్‌పీ-బీఎన్. నికాన్ కూల్‌పిక్స్ ఎస్ సిరీస్‌లో చాలావాటికి ఈఎన్-ఈఎల్19. వీటికి డూప్లికేట్లు తేలిగ్గానే దొరుకుతాయి. చార్జర్ సంగతీ అడగాలి. ఐక్సస్ 185 బ్యాటరీని బయటికి తీసి చార్జర్‌లో పెట్టాల్సిందే, కేబుల్ గుచ్చితే చార్జ్ కాదు. చార్జర్ లేకుండా అమ్ముతుంటే ఆ ఖర్చు కూడా ధరలో కలిపి లెక్కేసుకో.

హోస్ట్: మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచేవి ఉన్నాయి కదా?

గెస్ట్: ఉన్నాయి, కొడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్45 లాంటివి. రెండు ఏఏ సెల్స్, కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి. కానీ టీవీ రిమోట్‌లో వేసే చవక జింక్ కార్బన్ సెల్స్ వెయ్యకూడదు. ఫ్లాష్ చార్జ్ అయ్యేటప్పుడు, లెన్స్ మోటార్ తిరిగేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ కావాలి, వాటికి అంత సత్తా లేదు. లెన్స్ సగంలోనే ఆగిపోవచ్చు. ఆల్కలైన్ నడుస్తుంది గానీ త్వరగా అయిపోతుంది. రీచార్జ్ చేసే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వేసుకోండి. వాటి మీద 1.2 వోల్టులనే ఉంటుంది, అయినా లోడ్ పడ్డప్పుడు వోల్టేజ్ అంత త్వరగా పడిపోదు. మెనూలో సెల్ రకం అడిగే చోట మాత్రం అదే ఎంచుకోవాలి, లేకపోతే బ్యాటరీ గుర్తు తప్పు చూపిస్తుంది.

హోస్ట్: బ్యాటరీ అయింది. మెమరీ కార్డుల్లో కూడా ఇలాంటి చిక్కులున్నాయా?

గెస్ట్: ఉన్నాయి. పాత ఒలింపస్, ఫ్యూజీల్లో ఎక్స్‌డీ కార్డు వస్తుంది. అది ఇప్పుడు తయారు కావట్లేదు కాబట్టి ఆ కెమెరాల జోలికే పోవద్దు. పాత సోనీలకు మెమరీ స్టిక్, దానిదీ అదే కథ. ఎస్‌డీ కార్డు పట్టేవే తీసుకో. అందులోనూ 2006కి ముందువి 2 జీబీ దాటితే తీసుకోవు. ఆ తర్వాత వచ్చినవి 4 నుంచి 32 జీబీ దాకా ఉండే ఎస్‌డీహెచ్‌సీ చదువుతాయి. 64 జీబీ నుంచి కార్డులో ఫైళ్లు అమర్చే పద్ధతి వేరు, ఎక్స్‌ఫ్యాట్ అంటారు, పాత కెమెరాకి అది తెలియదు. 32 జీబీ కార్డు కొని, కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యి. ఫొటో ఒకటి 7 ఎంబీ అనుకున్నా నాలుగు వేలు పడతాయి, ఇంకెందుకు? కార్డు పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది, అది కిందికి జరిగితే ఫొటో సేవ్ అవ్వదు. కెమెరా పాడైందని తీసుకొచ్చేవాళ్లలో కొందరి జబ్బు అదే.

హోస్ట్: అసలు ప్రశ్న అడుగుతా. జేబులో ఫోన్ ఉండగా ఇదెందుకు?

గెస్ట్: మంచి ఫొటో కోసమైతే వద్దనే చెప్తాను. చవక కాంపాక్ట్‌లో సెన్సర్, అంటే వెలుతురుని ఫొటోగా మార్చే చిప్, 1/2.3 అంగుళాలది. కొలిస్తే 6.17 బై 4.55 మిల్లీమీటర్లు, అంటే 28 చదరపు మిల్లీమీటర్లు. మధ్యరకం ఫోన్లలో కూడా మెయిన్ కెమెరా సెన్సర్ చాలావాటిలో ఇంతకంటే పెద్దదే. పైగా ఫోన్ నాలుగైదు ఫొటోలు కలిపి ఒకటి చేస్తుంది. చీకట్లో ఫోనే గెలుస్తుంది.

కాంపాక్ట్‌ని రెండింటి కోసం కొనాలి: ఆప్టికల్ జూమ్ అంటే లెన్స్ కదిలి చేసే జూమ్, ఇంకోటి గ్జెనాన్ ఫ్లాష్. ఫోన్‌లో వెలిగేది ఎల్‌ఈడీ, బల్బులా కాసేపు వెలుగుతుంది. గ్జెనాన్ ఫ్లాష్ సెకనులో వెయ్యో వంతులో కొట్టి ఆరిపోతుంది కాబట్టి గెంతుతున్న పిల్లాడు కూడా కదిలినట్టు రాడు. పాత కెమెరా ఫొటో అనగానే గుర్తొచ్చే ఆ మెరుపు లుక్కంతా దీనిదే. సీసీడీ అనే పాత రకం సెన్సర్ మహిమ అని రీల్స్‌లో చెప్పే మాటకి ఎక్కువ డబ్బు పెట్టకు.

హోస్ట్: పెళ్లిలో వెనక వరసలోంచి జూమ్ చేసి ఫ్లాష్ కొడితే?

గెస్ట్: ముందు కూర్చున్నవాళ్ల తలకాయలు తెల్లగా, మండపం నల్లగా వస్తుంది. జూమ్ లేకుండా ఈ ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు అందుకుంటుంది, జూమ్ చేస్తే ఇంకా తగ్గుతుంది. ఐక్సస్ 185నే చూడు. జూమ్ చెయ్యనప్పుడు లెన్స్ ఎఫ్ 3.2, పూర్తి జూమ్‌లో ఎఫ్ 6.9. ఈ ఎఫ్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. అంటే లోపలికొచ్చే వెలుతురు నాలుగున్నర రెట్లకు పైగా తగ్గిపోతుంది. అందుకే హాల్లో జూమ్ ముట్టుకోకుండా, రెండు మీటర్ల దగ్గరికి నడిచి వెళ్లి కొట్టాలి. జూమ్ పగటి పూట వాడుకునేది.

హోస్ట్: ఆన్‌లైన్‌లో "48 మెగాపిక్సెల్, 4కె, 16ఎక్స్" అని చాలా తక్కువ ధరకి కనిపిస్తున్నాయి...

గెస్ట్: పేరూ ఊరూ లేని బ్రాండ్ అయితే అవి బొమ్మలే. లోపల చిన్న వెబ్‌క్యామ్ లాంటి సెన్సర్, దాని ఫొటోని సాగదీసి 48 అంటారు. 16ఎక్స్ పక్కన డిజిటల్ అని ఉంటుంది, అది ఫొటోని కత్తిరించడమే. తేల్చుకోవడానికి లెన్స్ చుట్టూ ఉన్న రింగు చదువు. ఐక్సస్ 185 మీద 5.0-40.0 మి.మీ., 1:3.2-6.9 అని ఉంటుంది. నలభైని అయిదుతో భాగిస్తే ఎనిమిది, అదీ దాని ఆప్టికల్ జూమ్. రింగు మీద రెండు అంకెల మధ్య గీత లేదంటే ఆ లెన్స్ జూమే కాదు. మెగాపిక్సెల్స్ గొడవకొస్తే, 4 బై 6 అంగుళాల ప్రింటుకి 1200 బై 1800 పిక్సెల్స్ చాలు, రెండు మెగాపిక్సెల్స్ కాస్త దాటుతుంది, అంతే.

హోస్ట్: పేర్లు చెప్పన్నా.

గెస్ట్: కొత్తది, వారంటీతో కావాలంటే కొడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్55. 16 మెగాపిక్సెల్స్, 5ఎక్స్, ఫుల్ హెచ్‌డీ వీడియో. సోనీ డబ్ల్యూ830 ఫొటోలకి బాగుంటుంది గానీ వీడియో 720పీ దగ్గరే ఆగుతుంది. నా ఓటు మాత్రం సెకండ్‌హ్యాండ్ కానన్ ఎస్95కి. 2010 నాటిది, పది మెగాపిక్సెల్సే. కానీ సెన్సర్ 1/1.7 అంగుళాలు, అంటే ఐక్సస్ దానికంటే పెద్దది. లెన్స్ జూమ్ చెయ్యనప్పుడు ఎఫ్ 2.0, రా ఫైల్ కూడా ఇస్తుంది, అంటే తర్వాత దిద్దుకోవడానికి వీలుగా సెన్సర్ పట్టినదంతా ఉండే ఫైల్. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద ఇరవై మెగాపిక్సెల్స్ ఐక్సస్ దీని ముందు నిలవదు.

హోస్ట్: సెకండ్‌హ్యాండ్ అంటే కోఠిలోనో, ఎర్రగడ్డ సంతలోనో చేతిలోకి తీసుకున్నాక ఏం పరీక్ష చెయ్యాలి?

గెస్ట్: చార్జ్ ఉన్న బ్యాటరీ, కార్డు నువ్వే తీసుకెళ్లు. ఆన్, ఆఫ్ ఐదారుసార్లు చెయ్యి. లెన్స్ గరగరమన్నా, ఒక పక్కకి ఒరిగినా వదిలెయ్, లోపల ఇసుకో, పళ్లు అరిగిన గేరో. లెన్స్ ఎర్రర్ వచ్చిందంటే రిపేరు ఖర్చు కెమెరా ధరని మించిపోతుంది. తర్వాత పూర్తి జూమ్‌లో తెల్ల గోడని ఫొటో తీసి తెర మీద పెద్దది చేసి చూడు. మసక మచ్చలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము చేరినట్టు. ఫోన్ టార్చ్ ఏటవాలుగా లెన్స్‌లోకి వేస్తే సాలెగూడు దారాల్లా కనిపిస్తుందా, అది ఫంగస్, లెన్స్ మీద పట్టే బూజు. బ్యాటరీ మూత కొక్కెం విరిగిందేమో చూడు, రబ్బరు బ్యాండ్ వేసి అమ్మేవీ ఉంటాయి.

2002-2004 నాటి మోడల్ అయితే ఇంకో సంగతి ఉంది. అప్పటి సోనీ సీసీడీ సెన్సర్లలో ఒక లోపం, వేడికీ తేమకీ లోపలి వైర్లు ఊడిపోయేవి. ఆ సెన్సర్లు కానన్, నికాన్, ఫ్యూజీ కెమెరాల్లోనూ ఉన్నాయి. 2005లో కంపెనీలు ఉచితంగా బాగుచేసి ఇచ్చాయి, ఇప్పుడు ఆ దారి లేదు. తెర నల్లగా వచ్చినా, ఊదారంగు గీతలు పడినా అదే.

హోస్ట్: విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్లకి ఆ తేమ ఎప్పుడూ ఉండేదే. ఎలా దాచుకోవాలి?

గెస్ట్: తోలు పౌచ్‌లో పెట్టి బీరువాలో పడెయ్యకండి, తోలు తేమ పట్టి ఉంచుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారితే తీసి వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. నెలకోసారి బయటికి తీసి లెన్స్ ఆడించి నాలుగు ఫొటోలు తియ్యండి.

హోస్ట్: బ్యాటరీ లోపలే ఉంచాలా?

గెస్ట్: తీసి వేరుగా, సగం చార్జ్‌తో పెట్టాలి. ఎక్కువ రోజులు తీసి ఉంచితే తేదీ పోతుంది, కాబట్టి మళ్లీ వేసినప్పుడు గడియారం సరిచేసుకోండి. అప్పుడే మెనూలో డేట్ స్టాంప్ ఆఫ్‌లో ఉందో లేదో కూడా చూడండి. ఫొటో మీద ఒకసారి అచ్చుపడిన తప్పు తేదీ ఇక చెరగదు.