డైర్ వుల్ఫ్ తిరిగొచ్చిందా? తెల్ల రంగు తోడేలును మనకు అంటగట్టారు!

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, తిట్టాలనుకుంటే వీడియో మొత్తం చూసి తిట్టండి, సగంలో ఆపి తిట్టకండి.

ఆ తెల్ల కూనల వీడియో మీ ఫ్యామిలీ గ్రూపులో కూడా తిరిగే ఉంటుంది. బొచ్చు తెల్లగా, పాల నురగలా, పళ్లు కూడా సరిగా రాని పిల్లలు మెడ పైకెత్తి ఊళ వేస్తుంటాయి. 2025 ఏప్రిల్ 7న అమెరికాలో కొలోసల్ బయోసైన్సెస్ అనే కంపెనీ ఆ కూనల్ని లోకానికి చూపించింది. "పది వేల ఏళ్లకు పైగా వినపడని డైర్ వుల్ఫ్ ఊళ ఇది" అన్నారు. డైర్ వుల్ఫ్ అంటే ఎప్పుడో అంతరించిపోయిన, తోడేలు లాంటి జంతువు. టైమ్ పత్రిక ఏకంగా కవరు మీద ఒకదాని ఫొటో వేసి, పైన 'అంతరించింది' అన్న మాట రాసి, దాన్ని అడ్డంగా కొట్టేసింది.

ఆ మూడింటిలో ఒక్కటి కూడా డైర్ వుల్ఫ్ కాదు. రోములస్ కాదు, రీమస్ కాదు, ఖలీసీ కాదు. మూడూ గ్రే వుల్ఫులే. మామూలు తోడేళ్లండీ బాబూ!

ఎలా చేశారో చూడండి. ఒహాయోలో దొరికిన 13 వేల ఏళ్ల నాటి పన్ను ఒకటి, ఐడహోలో దొరికిన 72 వేల ఏళ్ల నాటి పుర్రె ఒకటి. వాటిలోంచి డైర్ వుల్ఫ్ డీఎన్ఏ చదివారు. చదివారు, అంతే! ఆ పాత డీఎన్ఏ ఒక్క ముక్క కూడా ఈ కూనల్లో అతికించలేదు. బతికున్న గ్రే వుల్ఫ్ రక్తం నుంచి కణాలు తీసుకుని, 14 జన్యువుల్లో 20 చోట్ల దిద్దారు. ఆ కణం కేంద్రకాన్ని కుక్క అండంలో పెట్టి, కుక్క కడుపులో పెంచి, సిజేరియన్ చేసి బయటికి తీశారు.

ఇప్పుడు లెక్క. తోడేలు జన్యువుల పుస్తకంలో సుమారు 240 కోట్ల అక్షరాలు ఉంటాయి. గ్రే వుల్ఫ్, డైర్ వుల్ఫ్ 99.5 శాతం ఒకటేనని చెప్పింది కంపెనీయే. మిగిలిన అర శాతం ఎంతండీ? కోటీ ఇరవై లక్షలు! కోటీ ఇరవై లక్షల తేడాలు ఉంటే, వీళ్లు దిద్దింది ఇరవై. "లక్షలు" కాదు, ఉత్త ఇరవై.

ఆగండి, అసలు మజా ఇక్కడుంది. ఆ ఇరవైలో డైర్ వుల్ఫ్ నుంచి తెచ్చినవి 15 మాత్రమే. మిగతా 5 ఏంటి? తెల్ల బొచ్చు కోసం! డైర్ వుల్ఫ్‌లో ఉన్న రంగు మార్పుల్నే గ్రే వుల్ఫ్‌లో పెడితే చెవుడో గుడ్డితనమో వచ్చే ప్రమాదం ఉందని, వేరే దారిలో తెలుపు తెప్పించారు. ఆ జాగ్రత్త మంచిదే, కాదనను. కానీ మనం ఏది చూసి "అబ్బా, డైర్ వుల్ఫ్!" అని నోరెళ్లబెట్టామో, ఆ తెలుపు తెచ్చిన మార్పులు డైర్ వుల్ఫ్‌వి కావు! పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని మనవాళ్లు ఊరికే అన్నారా? ఇక్కడ తోడేలుకు పాపం ఆ సంగతి కూడా తెలియదు, వాతలు పెట్టింది కంపెనీ.

"చూడ్డానికి అలాగే ఉంది కదా బ్రో, చాలదా?" అంటారు కొందరు. అలాగే అంటే ఎలాగండీ? బతికున్న డైర్ వుల్ఫ్‌ను చూసినవాడు ఈ భూమ్మీద ఎవడైనా ఉన్నాడా? లాస్ ఏంజిలిస్ నగరం మధ్యలో లా బ్రియా తారు గుంటలున్నాయి. వేల డైర్ వుల్ఫులు అందులో కూరుకుపోయి చచ్చాయి. వాటి పుర్రెలు వరసగా పేర్చి గోడంత అద్దాల వెనక పెట్టారు మ్యూజియంలో. లాస్ ఏంజిలిస్‌లో మంచెక్కడిది? వెనిజులాలో కూడా దొరికాయి ఈ ఎముకలు. అక్కడ మంచులా మెరిసే బొచ్చు దేనికి? నన్నడిగితే ఆ తెలుపు 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అనే టీవీ సీరియల్ చూసినవాళ్ల కోసం. ఖలీసీ అనే పేరు కూడా అందులోదే. ఆ సీరియల్ సింహాసనం మీద కూనల్ని కూర్చోబెట్టి ఫొటోలు కూడా తీశారు. ఇక సైన్స్ ఎక్కడుంది?

ఇంకోటి. 2021లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. డైర్ వుల్ఫ్ వంశం మిగతా తోడేళ్ల నుంచి విడిపోయి 57 లక్షల ఏళ్లయిందని అందులో తేల్చారు. దాని ప్రకారం, మన నల్లమలలో తిరిగే రేచుకుక్క ఉంది చూశారూ, గ్రే వుల్ఫ్‌కు డైర్ వుల్ఫ్ కన్నా అదే దగ్గరి చుట్టం. రేచుకుక్కకు 20 మార్పులు చేసి తోడేలని చెబితే మీరు నమ్ముతారా?

ఇక కంపెనీ ముఖ్య శాస్త్రవేత్త బెత్ షాపిరో. ఏప్రిల్‌లో ప్రపంచమంతా డప్పు కొట్టాక, మే నెలలో ఆవిడే న్యూ సైంటిస్ట్ పత్రికతో ఏమన్నారు? ఇవి 20 మార్పులు చేసిన గ్రే వుల్ఫులే, ఆ మాట మేం మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాం అన్నారు. మొదటి నుంచీనా? మరి కవరు మీద ఆ కొట్టివేత ఏంటి మేడమ్? డప్పు కొట్టింది కోట్ల మంది విన్నారు, ఈ మాట ఎంతమంది విన్నారు?

నా థియరీ చెబుతా, నచ్చితే తీసుకోండి. ఈ కంపెనీ అమ్మేది తోడేలును కాదు, ధైర్యాన్ని. "పోతే పోనీ, మళ్లీ తయారు చేసుకోవచ్చు" అనే ధైర్యం. అది కొనేవాళ్లు ఎవరో వెంటనే తెలిసిపోయింది. ప్రకటన వచ్చిన రోజే అమెరికా ఇంటీరియర్ మంత్రి డగ్ బర్గమ్ ఎక్స్‌లో పోస్ట్ పెట్టాడు, అంతరించిన వాటిని తిరిగి తేవడమే ఇక సంరక్షణకు పునాది అన్న ధోరణిలో. దేశాన్ని గొప్పగా చేసింది నిబంధనలు కాదు, ఆవిష్కరణలట! సరిగ్గా పది రోజులకు, ఏప్రిల్ 17న, అదే ప్రభుత్వం ఒక ప్రతిపాదన పెట్టింది. అంతరించే జీవి ఉండే అడవిని పాడుచేస్తే ఆ జీవికి హాని చేసినట్టే అని చెప్పే నిర్వచనాన్ని తీసేద్దామని. కంపెనీ, ప్రభుత్వం కూడబలుక్కున్నాయని నేననను, నా దగ్గర రుజువు లేదు. కానీ ఆ రెండు తారీఖులు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అదే ఏడాది జనవరిలో ఈ కంపెనీ విలువ 1,020 కోట్ల డాలర్లు. ఒక్క తోడేలును కూడా అడవిలోకి వదలకుండానే! వదిలే ఉద్దేశం కూడా లేదు. రెండు వేల ఎకరాల రహస్య స్థలంలో ఎత్తైన కంచె వేసి పెంచుతున్నారు.

మన దగ్గరికి రండి. కడప జిల్లా లంకమల. కలివి కోడి. రాత్రిపూట మాత్రమే తిరిగే చిన్న పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందని పుస్తకాల్లో రాసేశారు. 1986 జనవరిలో దొరికింది! ల్యాబ్‌లో కాదండోయ్, ముళ్ల పొదల మధ్య. రాత్రి టార్చి వెలుగులో ఒక స్థానికుడు పట్టుకున్నాడు. ఆ పక్షికి కావలసింది జన్యువుల్ని దిద్దే క్రిస్పర్ టెక్నాలజీ కాదు, ఆ తుప్పలు. తెలుగు గంగ కాలువ కూడా ఆ పక్షి కోసం దారి మార్చుకుంది. "తుప్పలే కదా, చదును చేసేద్దాం, పక్షి కావాలంటే కంపెనీకి ఆర్డర్ ఇద్దాం" అని రేపు ఒక కాంట్రాక్టర్ అంటే ఏం చెబుతారు? నవ్వకండి, అంటారు.

సైన్స్ మీద నాకు కోపం లేదు. ఒకే కణంలో 20 చోట్ల దిద్ది బతికే పిల్లను పుట్టించడం మామూలు పని కాదు. రక్తం బొట్టుతో క్లోనింగ్ చేయడం ఇంకా గొప్ప, దాంతోనే అంతరించే దశలో ఉన్న ఎర్ర తోడేళ్ల పిల్లలు నాలుగింటిని పుట్టించారు. దాని గురించి కవర్ ఏదీ?

ఇంకో కవర్ కావలసింది ఉంది. ఆ తర్వాతి నెల, 2025 మేలో, ఫిలడెల్ఫియా నుంచి ఒక వార్త వచ్చింది. రక్తంలో అమ్మోనియా పేరుకుపోయే అరుదైన జబ్బుతో పుట్టిన పసివాడు. వాడి ఒక్కడి కోసం, వాడి జన్యువులో తప్పిన ఒకే ఒక్క అక్షరాన్ని దిద్దే మందును ఆరు నెలల్లో తయారు చేశారు. ఆ టీమును నడిపిన ఇద్దరిలో ఒకరు డాక్టర్ కిరణ్ ముసునూరు. ఇంటిపేరు విని ఏలూరు జిల్లా వాళ్లు కాలర్ ఎగరేయొచ్చు! బిడ్డ జూన్‌లో ఇంటికెళ్లాడు. మీ ఫ్యామిలీ గ్రూపులో వచ్చిందా ఈ వార్త? నా గ్రూపులో రాలేదు. ఊళ వేయలేదు మరి, పాపం.

కొలోసల్ ఊరుకుందా? జూలైలో మోవా అన్నారు. న్యూజిలాండ్‌లో అంతరించిన, ఇద్దరు మనుషులంత ఎత్తుండే రెక్కల్లేని పక్షి. దాన్ని పొదగడానికి సరిపోయే గుడ్డు ఇప్పుడు ఏ పక్షికీ లేదు. దానికి బతికున్న చుట్టాల్లో ఒకటి ఏదంటే, ఈము! ఈము అనగానే మన రైతులకు గుండె ఝల్లుమంటుంది. లక్షలు వస్తాయని జతలు జతలుగా అంటగట్టి, చివరికి మేత ఖర్చు కూడా రాక చేతులెత్తేసిన ఊళ్లెన్నో. నా పందెం ఇది: కాళ్లు సాగదీసిన ఈమును ఒకదాన్ని తెచ్చి, మోవా అని కవరు మీద వేస్తారు. కాదంటారా? కింద కామెంట్లో తారీఖు వేసి రాయండి, ఆ రోజు వచ్చినప్పుడు స్క్రీన్‌షాట్ పెడతా.