ఎం.ఎస్.డబ్ల్యూలో ఏ స్పెషలైజేషన్? గడ్చిరోలి, చంద్రపూర్ తెలుగు విద్యార్థులకు

నమస్కారం. సిరొంచ, అహేరి, రాజురా వైపు డిగ్రీ ముగించి ఎం.ఎస్.డబ్ల్యూ, అంటే మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్‌లో చేరాలనుకుంటున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఈ వీడియో. ఏ స్పెషలైజేషన్‌కు ఉద్యోగాలు ఎక్కువ అని అందరూ అడుగుతారు. అంతకన్నా ముందు కళాశాలను అడగవలసిన మాట ఒకటుంది: ఫీల్డ్ వర్క్‌కు, అంటే సంస్థల్లో, ఊళ్లలో పని నేర్చుకునే శిక్షణకు, ఎక్కడికి పంపుతారు?

ఇది రెండేళ్ల చదువు, నాలుగు సెమిస్టర్లు. ఏ డిగ్రీ ఉన్నా చాలాచోట్ల చేర్చుకుంటారు. సాధారణంగా వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్క్ ఉంటుంది. ఆ రోజులు సంతకాలకే పరిమితమైతే పట్టా వస్తుంది, పని మాత్రం రాదు.

మన జిల్లాలకు నా మొదటి ఓటు కమ్యూనిటీ డెవలప్‌మెంట్‌కే. గడ్చిరోలి జిల్లాలోని మేండా లేఖా, 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు పొందిన తొలి గ్రామాల్లో ఒకటి. అక్కడి అడవిలో వెదురు అమ్ముకునే అధికారం 2011లో గ్రామసభ చేతికి వచ్చింది. ఇలాంటి పనిలో దరఖాస్తు రాయాలి, హద్దుల పటం గీయించాలి, తీర్మానం చేయించాలి, అధికారితో మరాఠీలో మాట్లాడాలి, ఊరి పెద్దలతో వారి మాడియా భాషలోనో గోండీలోనో మాట్లాడాలి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండీ విని పెరిగిన మీకు ఈ పనిలో ఉన్న బలం పట్నం విద్యార్థికి ఉండదు. దాన్ని తక్కువగా చూడకండి.

మెడికల్ అండ్ సైకియాట్రిక్ వైపు, అంటే రోగులకు, మానసిక సమస్యలున్నవారికి తోడ్పడే పని వైపు, మనసున్నవారు ఒక విషయం ముందే తెలుసుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే ఎం.ఎస్.డబ్ల్యూ ఒక్కటే చాలదు, ఆ విభాగంలోనే రెండేళ్ల ఎం.ఫిల్ కూడా కావాలి. ఎం.ఫిల్‌పై యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు మారుతున్నాయి కాబట్టి, మీరు చేరే ఏడాది నోటిఫికేషన్ చదివాకే నిర్ణయించుకోండి. ఇంట్లో ఖర్చు లెక్క కూడా రెండేళ్లకు కాదు, నాలుగేళ్లకు వేసుకోండి.

పిల్లల సంరక్షణ, మహిళల కేసుల్లో పనిచేయాలనుకుంటే ఫ్యామిలీ అండ్ చైల్డ్ వెల్ఫేర్ ఉంది. బొగ్గు గనులు, సిమెంటు ఫ్యాక్టరీల్లో కార్మిక సంక్షేమం వైపు వెళ్లేవారికి హెచ్.ఆర్. ఉంది.

కొన్నిచోట్ల చేరేటప్పుడే స్పెషలైజేషన్ ఎంచుకోవాలి, కొన్నిచోట్ల రెండో ఏడాదిలో. మనసు తేలనివారికి రెండో పద్ధతే నయం. 1936లో ముంబైలో మొదలైన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కు తుల్జాపూర్‌లో గ్రామీణ క్యాంపస్, హైదరాబాద్‌లో మరొకటి ఉన్నాయి. రెండింటి కోర్సులూ చూడండి.

ఇప్పుడు మీరు అనుకుంటున్న కళాశాల ప్రాస్పెక్టస్ తెరిచి, ఫీల్డ్ వర్క్ పేజీకి వెళ్లండి. నిరుడు విద్యార్థులను పంపిన సంస్థల పేర్లు లేకపోతే ఫోన్ చేసి అడగండి. సూపర్‌వైజర్ వారం వారం కూర్చుని నివేదికలు చూస్తారా, పరీక్ష ఏ భాషలో రాయవచ్చు, హాస్టల్ ఉందా? ఆఫీసు వారి జవాబు విన్నాక అక్కడ రెండో ఏడాది చదువుతున్న ఒకరిని కూడా ఇవే అడగండి. రెండు జవాబులూ కలిస్తేనే ఫీజు కట్టండి.