ట్యాగ్ వచ్చింది, దారే దొరకలేదు

(డాలస్‌లో శనివారం ఉదయం వచ్చే తెలుగు ఫోన్-ఇన్ నుంచి ఒక భాగం. అతిథి కొలరాడోలో స్థిరపడి, చాలా ఏళ్లుగా వేటకు వెళ్తున్న తెలుగాయన.)

వ్యాఖ్యాత: లైన్లో ఎవరండీ?

కాలర్: నమస్తే అండీ, ఇర్వింగ్ నుంచి మాట్లాడుతున్నాను. వయోమింగ్‌లో ప్రాంగ్‌హార్న్ యాంటిలోప్ ట్యాగ్ తగిలింది, అదే, జింకలాంటి ఒక జంతువుని వేటాడే పర్మిట్. సెప్టెంబర్ చివర్లో నేనూ మా రూమ్మేటూ వెళ్దామని. మాది నందికొట్కూరు. కృష్ణజింకల అభయారణ్యం రోళ్లపాడు పక్కనే కదా, మా అమ్మకి చెప్తే ‘జింకను కొడితే జైల్లో వేస్తార్రా’ అని ఒకటే ఏడుపు.

అతిథి: అమ్మగారి మాట అక్కడైతే నూటికి నూరుపాళ్లు నిజం. మన కృష్ణజింక 1972 చట్టం కింద మొదటి షెడ్యూల్లో ఉంది. ఇది వేరే జాతి, అసలు జింకే కాదు. దగ్గరి చుట్టం జిరాఫీ అంటారు. అమ్మగారికి అలా చెప్పండి. సరే, ఇబ్బందేంటి?

కాలర్: లైసెన్స్‌కి 326 డాలర్లు, అప్లికేషన్‌కి ఇంకో 15 కట్టాను. పెద్ద కూలర్ కూడా కొన్నాను. నిన్న రాత్రి మ్యాప్ తెరిస్తే, ట్యాగ్ మీద మాకిచ్చిన వేట ఏరియా అంతా తెల్లగా ఉందండీ.

అతిథి: తెలుపంటే ప్రైవేటు. పసుపు బీఎల్‌ఎం, అంటే కేంద్ర ప్రభుత్వ భూమి, నీలం రాష్ట్రానిది, ఆకుపచ్చ ఫారెస్టు. అప్లై చేసేముందు ఇది చూడలేదా?

కాలర్: ట్యాగులిచ్చే లాటరీ డ్రాలో ఈజీగా వస్తుందని పెట్టేశానండీ.

అతిథి: ఈజీగా ఎందుకొస్తుందో ఇప్పుడు తెలిసింది కదా! లోపలికి పోయే దారి లేని ఏరియాకి పోటీ ఉండదు. పబ్లిక్ ల్యాండ్‌కి దారి కష్టమని గేమ్ అండ్ ఫిష్ వాళ్లు, అదే రాష్ట్ర వేట శాఖ వాళ్లు, కొన్ని ఏరియాల పక్కన ముందే రాసి పెడతారు. ఎవరూ చదవరు. నేనూ మొదటి ఏడాది చదవలేదు లెండి. ముళ్లకంచె ఇవతల నిలబడి, అవతల మేస్తున్న మందను రెండు రోజులు బైనాక్యులర్స్‌లో చూసి ఇంటికొచ్చాను.

వ్యాఖ్యాత: మరి ఇప్పుడు ఈయన 326 డాలర్లు గోవిందా?

అతిథి: అక్కర్లేదు. ముందు వాక్-ఇన్ ఏరియాలు చూడండి. రైతుల భూమిని డిపార్ట్‌మెంటే మాట్లాడి తెరిపిస్తుంది. తేదీ, జంతువు సరిచూసుకుని నడిచి వెళ్లిపోవడమే. హంటర్ మేనేజ్‌మెంట్ ఏరియాలని ఇంకోటుంది, వాటికి పర్మిషన్ స్లిప్ తీసుకోవాలి. ఈ రెండూ కుదరకపోతే రాంచ్ వాళ్లకి ఫోన్ చేయండి. ఇప్పుడే, ఆగస్టులోనే. తెల్లారుజామున గేటు ముందు హారన్ కొడితే ఎవరిస్తారు? కొందరు డబ్బు అడుగుతారు, కొందరు ఊరికే రానిస్తారు.

కాలర్: తెలుపు మధ్యలో పసుపు గళ్లు కొన్ని ఉన్నాయండీ, చదరంగం బల్లలాగా. మూలకి మూల తగులుతున్నాయి. అలా దాటొచ్చని విన్నాను.

అతిథి: అది 1860ల నాటి గొడవ. ప్రభుత్వం భూమిని గళ్లుగా కోసి రైల్వే కంపెనీకి గడి విడిచి గడి ఇచ్చింది, గడికి 640 ఎకరాలు. 2021లో వయోమింగ్‌లోనే ఎల్క్ మౌంటెన్ దగ్గర మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు ఆ మూల మీద నిచ్చెన వేసి, ప్రైవేటు నేలకి కాలు తగలకుండా దాటారు. క్రిమినల్ కేసు పెట్టారు, జ్యూరీ వదిలేసింది. భూమి యజమాని సివిల్ దావా వేశాడు. 2025 మార్చిలో టెన్త్ సర్క్యూట్, అంటే వయోమింగ్ మీద అధికారమున్న ఫెడరల్ అప్పీలు కోర్టు, వేటగాళ్ల వైపే చెప్పింది. అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది. కాబట్టి వయోమింగ్‌లో దాటొచ్చు. మోంటానా ఆ కోర్టు కిందకి రాదు, అక్కడ ఇదే ధీమాతో వెళ్లకండి.

వ్యాఖ్యాత: అంటే ఫోన్లో చుక్క చూసుకుని దూకెయ్యడమే?

అతిథి: అమ్మో! ఫోన్ చుక్క నాలుగైదు గజాలు అటూ ఇటూ పోతుంది. మూల ఎక్కడో చూపిస్తూ సర్వే వాళ్లు పాతిన ఇత్తడి బిళ్ల ఉంటుంది, అరచేతిలో పట్టేంత. గడ్డి తప్పించి దాన్ని కళ్లారా చూశాకే అడుగు ఎత్తాలి. కనిపించలేదా, వెనక్కి రండి. వయోమింగ్‌లో బోర్డు లేదన్నా ఒప్పుకోరు, ఎవరి భూమో తెలుసుకోవాల్సింది వేటగాడే. మీరు కొట్టిన జంతువు పరిగెత్తి తెల్ల గడిలో పడినా అడిగే వెళ్లాలి. సిగ్నల్ ఉండదు, మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంకో మాట, నీలం గడిలో టెంటు వేయకూడదు, మంట పెట్టకూడదు.

కాలర్: మా రూమ్మేట్ హెచ్1బీ మీద ఉన్నాడండీ. వాడు రైఫిల్ పట్టుకోవచ్చా?

అతిథి: మామూలుగా అయితే ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. గడువు తీరితే మినహాయింపూ పోతుంది. వీసా విషయం కాబట్టి రేడియోలో నా మాట నమ్మి వెళ్లొద్దు, లాయర్‌ని అడగండి. మీరిద్దరూ 1966 తర్వాత పుట్టినవాళ్లే కదా, హంటర్ సేఫ్టీ సర్టిఫికెట్ తప్పదు. కన్జర్వేషన్ స్టాంప్ 21 డాలర్ల 50 సెంట్లు, అది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

వ్యాఖ్యాత: ఇంకో కాలర్. చెప్పండమ్మా.

రెండో కాలర్: ప్లేనో నుంచి అన్నయ్యా. మావారు పోయినేడు తెచ్చిన ప్రాంగ్‌హార్న్ మాంసం ఒకటే కంపు. ఇల్లంతా అగరొత్తులు వెలిగించాను. అది అక్కడి సేజ్ పొదల ఘాటు ఆకు తింటుంది కాబట్టి అంతే అంటారాయన.

అతిథి: పాపం ఆకు మీదకి తోశారు! కొట్టాక ఫొటోలకి ఎంతసేపు పట్టింది అడగమ్మా. సెప్టెంబర్‌లో మధ్యాహ్నం ఎండ గట్టిగానే ఉంటుంది, ఆ బొచ్చు వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. పేగులు వెంటనే తీసేయాలి, గంటలోపు తోలు ఒలవాలి, ముక్కలు ఐసులో పెట్టాలి. డాలస్‌కి వెయ్యి మైళ్లు. పెట్రోలు కోసం ఆగిన ప్రతిసారీ కూలర్లో నీళ్లు వంపి కొత్త ఐసు వేయమను.

రెండో కాలర్: ఆయన గంటన్నర ఫొటోలు దిగారు అన్నయ్యా. నా దగ్గర అన్నీ ఉన్నాయి.