చలిలో విమానం, ఇంధనంలో మంచు

శ్రోతలకు నమస్కారం.

జెట్ ఇంజిన్‌కు చలి పడదనుకుంటాం గానీ, నిజానికి చలి దానికి మేలే చేస్తుంది. చల్లబడిన గాలి చిక్కబడుతుంది. రెక్కల్ని పైకెత్తే బలం, ఇంజిన్ ముందుకు తోసే బలం రెండూ పెరుగుతాయి. మే నెల ఎండలో రన్‌వే మీద చాలా దూరం పరిగెత్తే విమానం గడ్డ చలిలో త్వరగానే లేస్తుంది. చిక్కంతా నీటితోనే.

2008 జనవరి 17న బీజింగ్ నుంచి 152 మందితో బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 లండన్ హీత్రూలో దిగబోతోంది. దారిలో బయటి గాలి మైనస్ 70 డిగ్రీలు దాటింది. ట్యాంకుల్లో ఇంధనం మైనస్ 34కు దిగింది. మామూలుగా జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 వరకు గడ్డకట్టదు కాబట్టి పైలట్లకు టెన్షన్ పడే కారణమేమీ కనిపించలేదు.

అయితే ఎంత శుభ్రమైన ఇంధనంలోనైనా కాస్త నీరు కరిగి ఉంటుంది. ఆ నీరు సన్నటి మంచు పలుకులై, గంటల తరబడి పైపుల లోపలి గోడలకు పేరుకుంది. దిగే ముందు ఇంజిన్లు ఎక్కువ ఇంధనం అడిగాయి. ప్రవాహం పెరగగానే ఆ మంచంతా ఒక్కసారి ఊడివచ్చి, వేడి ఆయిల్‌తో ఇంధనాన్ని వెచ్చబరిచే పరికరం ముఖద్వారాన్ని మూసేసింది. అదీ రెండు ఇంజిన్లలోనూ! అప్పటికి విమానం 720 అడుగుల ఎత్తులో ఉంది. కెప్టెన్ ఫ్లాప్స్‌ను, అంటే రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకల్ని, ఒక మెట్టు తగ్గించి గాలి నిరోధం కొంత తప్పించారు. విమానం రన్‌వేకి సుమారు 330 మీటర్ల ముందే గడ్డిలో పడింది. ఎవరూ చనిపోలేదు.

దర్యాప్తు అధికారుల తిప్పలు చూడండి, వాళ్లు వెతికేసరికి సాక్ష్యం కరిగి నీరైపోయింది! అదే ఏడాది నవంబరులో షాంఘై నుంచి అట్లాంటా వెళ్తున్న మరో 777లో ఒక ఇంజిన్ ఇలాగే బలహీనపడి, మళ్లీ కోలుకుంది. దాంతో అనుమానం బలపడింది. ఆ పరికరం ముఖం మీద సన్నటి గొట్టాల కొనలు కొద్దిగా బయటికి పొడుచుకు ఉండేవి. వాటిని సమతలంగా మార్చారు. ఇప్పుడు మంచు వచ్చినా అక్కడ నిలవకుండా కరిగిపోతుంది. మరమ్మతు ఇంత చిన్నది, దాన్ని కనిపెట్టడానికి పట్టిన శ్రమ అంత పెద్దది.

నేల మీద ప్రమాదం వేరు. 1982 జనవరిలో వాషింగ్టన్‌లో ఒక విమానం ఇంజిన్లలో మంచు పట్టకుండా చూసే ఏర్పాటును ఆన్ చేయకుండానే బయల్దేరింది. మంచుతో మూసుకుపోయిన సెన్సర్ ఇంజిన్ల శక్తిని ఉన్నదానికంటే ఎక్కువగా చూపించింది. రెక్కల మీదా మంచు ఉంది. వంతెనకు తగిలి పొటోమాక్ నదిలో కూలింది. 78 మంది ప్రాణాలు పోయాయి.

చికాగోలోనో టొరంటోలోనో చలికాలం విమానమెక్కే మనవాళ్లు, బయల్దేరే ముందు విమానం మీద ద్రవాలు కొట్టడం కిటికీలోంచి చూసే ఉంటారు. వేడి చేసిన నారింజ రంగు గ్లైకాల్ ద్రవం ఉన్న మంచును కరిగిస్తుంది. తర్వాత కొట్టే ఆకుపచ్చ ద్రవం కొత్త మంచు పట్టకుండా కాసేపు ఆపుతుంది. ఆ గడువు దాటిపోతే, విమానం వెనక్కొచ్చి ఇంకోసారి స్నానం చేయాల్సిందే.