శబరి వరద కింది నుంచి వస్తుంది

అధ్యక్షులకు, పెద్దలకు, చింతూరు చుట్టుపక్కల గ్రామాల నుంచి వచ్చిన మీ అందరికీ నమస్కారాలు. శబరి నది భౌగోళిక స్వరూపాన్ని వివరించమన్నారు కనుక పుట్టుక నుంచే మొదలుపెడతాను; అయితే నా మనసంతా శబరి గోదావరిలో కలిసే కూనవరం సంగమం దగ్గరే ఉన్నదని ముందే మనవి చేస్తున్నాను.

ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో పుట్టి, అక్కడ కొలాబ్ అనిపించుకునే ఈ నది, కొంత దూరం ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల మధ్య సరిహద్దుగా పారి, సీలేరును కలుపుకొని మన నేల మీదికి వస్తుంది. ఆ సీలేరుకు ఎగువన పేరు మాచ్‌ఖండ్. డుడుమ దగ్గర జలపాతమై దూకే ఆ నీటితోనే 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం మొదలైంది. దిగువ సీలేరు కేంద్రంలో 115 మెగావాట్ల యంత్రాలను తిప్పుతున్నదీ ఆ నీరే.

కొండల్లో అంత ఉరవడిగా దిగిన నీరు చింతూరు దాటేసరికి వాలు లేక నెమ్మదిస్తుంది. కూనవరం దగ్గర గోదావరి నిండుగా ఉంటే శబరి అందులోకి దిగలేక వెనక్కి తంతుంది. మనవాళ్లు ఎగపోటు అనేది దీన్నే.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరినప్పుడు నేను చిన్నవాణ్ణి. మా నాన్న నీటి అంచున వెదురు పుల్ల గుచ్చి, పూటపూటకూ దాన్ని పీకి ఇంటివైపు జరిపేవాడు. ఆ సాయంత్రం ఒక కొబ్బరి డొక్క నురగతోపాటు కూనవరం వైపు నుంచి ఎగువకు తేలుతూ రావడం నా కళ్లతో చూశాను. వాన మాత్రం లేదు. ఆ రాత్రే సామాను ఎత్తుకొని గుట్ట ఎక్కాము.

ఈ మాట నేను ఎన్ని సభల్లో చెప్పానో నాకే గుర్తులేదు, అయినా మళ్లీ చెబుతాను: శబరి వరద పై నుంచే కాదు, కింది నుంచీ వస్తుంది. 2022 జులైలో ఒక కార్యాలయానికి ఫోన్ చేస్తే, ఎగువన వర్షాలు తగ్గాయి, భయం లేదని చెప్పారు. భద్రాచలంలో గోదావరి 71 అడుగులు దాటిన ఆ రోజుల్లో మన వాగులు కూడా వెనక్కి నిండి దారులు మూసుకుపోయాయి. ఎగువ వానల లెక్క ఒక్కటే చూసి మన ఊళ్లకు ధైర్యం చెప్పడం ఎంత ప్రమాదమో అధికారులు ఇకనైనా గ్రహించాలి.

వెనుక వరుసలో కూర్చున్న పిల్లలూ, మీకొక పని అప్పగిస్తున్నాను. మీ ఇళ్లలోని పెద్దలను అడిగి, 1986లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, 2022లో ఎక్కడ ఆగాయో ఊరి గోడల మీద గీతలు గీయించండి. రంగు నేను పంపిస్తాను.