కీళ్లవాతానికి బంగారు ఇంజెక్షన్లు

అందరికీ నమస్కారం.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం ఉన్నవాళ్లకు పొద్దున్నే దుప్పటి మడతపెట్టడం కూడా పెద్ద పనే. వేళ్లు బిగుసుకుపోయి, లేచి గంటైనా పిడికిలి పట్టదు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేయడం వల్ల వచ్చే జబ్బిది. వందేళ్ల కిందట దీనికి ఆస్పిరిన్ లాంటి నొప్పి మందులు తప్ప చెప్పుకోదగ్గ వైద్యం లేదు. జబ్బు జోరునే తగ్గించిన తొలి మందుల్లో బంగారం ఒకటి.

అది మొదలైంది మాత్రం తప్పుడు ఊహతో. బంగారు సైనైడ్ పరీక్షనాళికలో క్షయ క్రిములను పెరగనివ్వదని 1890లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ చెప్పారు. కీళ్లవాతానికీ క్షయకూ ఏదో సంబంధం ఉందనుకుని ఫ్రెంచ్ వైద్యుడు జాక్ ఫోరెస్టియే బంగారు లవణాలు ఇచ్చి చూశారు. 1929లో ఫలితాలు ప్రకటించారు. అనుకున్న సంబంధమేమీ లేదు, కానీ చాలామందికి వాపులు తగ్గాయి. తర్వాత బ్రిటన్‌లో ఎంపైర్ రుమాటిజం కౌన్సిల్, అసలు మోతాదు ఎవరికి పడుతోందో రోగికీ పరీక్షించే డాక్టరుకీ తెలియకుండా పరీక్ష జరిపి, 1960 ప్రాంతంలో ఆ మేలును నిర్ధారించింది. ఊహ తప్పినా రోగిని శ్రద్ధగా గమనించడమే ఈ మందును నిలబెట్టిందని నా నమ్మకం.

నగల బంగారం ఒంట్లో కరగదు. ఇంజెక్షన్‌గా వాడింది గంధకంతో జతకట్టిన బంగారు లవణం, సోడియం ఆరోథయోమాలేట్. ముందు 10 మిల్లీగ్రాములు ఇచ్చి ఒంటికి పడుతుందో లేదో చూసేవారు. తర్వాత వారానికోసారి 50 మిల్లీగ్రాముల చొప్పున కండలోకి ఇచ్చేవారు. గుణం కనిపించడానికి కనీసం రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

సూది వేసే ముందు ప్రతిసారీ ఒక తంతు ఉండేది. మూత్రంలో ప్రొటీన్ పోతోందా, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తగ్గాయా, ఒంటిమీద దురద, నోట్లో పుండ్లు ఉన్నాయా అని చూసేవారు. ఏది తేడాగా ఉన్నా సూది ఆపేవారు. అంత జాగ్రత్త అవసరమే. అరుదుగానైనా ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చేది. ఏళ్ల తరబడి వాడితే కొందరికి ఎండ తగిలే చోట చర్మం బూడిద రంగుకు తిరిగేది.

నోటి ద్వారా వేసుకునే బంగారు మందు ఆరనోఫిన్ 1985లో అమెరికాలో అనుమతి పొందింది. ఇంజెక్షన్‌తో పోలిస్తే దాని బలం తక్కువ, విరేచనాలు ఎక్కువ. ఈలోగా ఇదే జబ్బుకు మెథోట్రెక్సేట్ అనే మందు వచ్చి బంగారాన్ని పక్కకు నెట్టేసింది. ఇప్పుడు చాలా దేశాల్లో ఆ ఇంజెక్షన్ దొరకడమే కష్టం.

మీలో మెథోట్రెక్సేట్ వాడుతున్నవాళ్లుంటే ఒక్క మాట. అదీ రక్తకణాల మీద, కాలేయం మీద ప్రభావం చూపగలదు. నొప్పులు తగ్గాయి కదా అని రక్తపరీక్షలు మానేయకండి, వారానికి వేసుకోవాల్సిన మోతాదును రోజూ వేసుకోకండి.