మిషిగన్ సరస్సులో సాల్మన్ ట్రోలింగ్: ముందు లోతు, తర్వాత వేగం, రంగు ఆఖర్న

[తెర మీద: ఇంకా పూర్తిగా తెల్లారలేదు. వాకీగన్ రేవు దాటి వెళ్తున్న చిన్న బోటు. వెనకాల నాలుగు రాడ్లు విల్లుల్లా వంగి ఉన్నాయి.]

ట్రోలింగ్ అనగానే మనకు మీమ్స్ గుర్తొస్తాయి. విశాఖ వాళ్లకైతే ట్రాలర్లు. ఈ వీడియో ఆ రెండిటి గురించీ కాదు. ట్రాలర్ ఈడ్చేది వలని, ట్రోలింగ్‌లో ఈడ్చేది గాలాన్ని. బోటు మనిషి నడిచేంత వేగంతో సాగుతుంటుంది. దాని వెనక, ఎక్కడో 70 అడుగుల లోతున, చెంచా ఆకారంలో ఉన్న ఒక రేకు చిన్న చేపలా మెరుస్తూ, ఊగుతూ వస్తుంటుంది. సాల్మన్ దాన్ని చూసి మోసపోవాలి.

చెరువు గట్టున కూర్చుని బెండు వేసి చూసినట్టు ఇక్కడ కుదరదు. మిషిగన్ సరస్సు విస్తీర్ణం దాదాపు 58,000 చదరపు కిలోమీటర్లు. బాగా లోతున్న చోట 281 మీటర్లు. వేసవిలో సాల్మన్ గట్టునీ అంటిపెట్టుకుని ఉండదు, అడుగునీ అంటిపెట్టుకుని ఉండదు. నడినీళ్లలో తిరుగుతుంటుంది. అందుకే గాలం పట్టుకుని మనమే దాన్ని వెతుక్కుంటూ పోవాలి.

నిజానికి ఈ చేప ఈ సరస్సుది కాదు. అట్లాంటిక్ నుంచి కాలువల గుండా ఏల్‌వైఫ్ అనే చిన్న వెండిరంగు చేప ఇక్కడికి చొరబడింది. దాన్ని తినాల్సిన లేక్ ట్రౌట్‌ని అప్పటికే సీ లాంప్రే అనే రక్తం పీల్చే జీవి, మితిమీరిన వేట కలిసి దాదాపు తుడిచిపెట్టేశాయి. అడ్డు లేకపోయేసరికి ఏల్‌వైఫ్ సరస్సంతా నిండిపోయింది. అప్పుడు మిషిగన్ రాష్ట్రం పసిఫిక్ వైపు సాల్మన్‌ని తెచ్చి వదిలింది: 1966లో కోహో, 1967లో షినూక్. ఈ చరిత్ర ఎందుకంటే, మనం వాడే ఎరల్లో చాలావరకు ఏల్‌వైఫ్‌కి నకళ్లే. మూడు, నాలుగు అంగుళాల సన్నని వెండి రేకులు. సోనార్ తెర మీద ఏల్‌వైఫ్ గుంపు మబ్బులా కనిపిస్తే, దాన్ని తినేవాళ్లు పక్కనే ఉన్నారని అర్థం.

[తెర మీద: ఎరల పెట్టె. రంగురంగుల స్పూన్లు.]

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు ఈ పెట్టె దగ్గరే మొదలవుతుంది. చేప పడకపోతే రంగు మారుస్తారు. ఆకుపచ్చ తీసి నీలం, నీలం తీసి నారింజ. చేప 80 అడుగుల దగ్గర ఉండి మీ స్పూన్ 40 దగ్గర తిరుగుతుంటే ఏ రంగు వేసినా ఒకటే. ముందు లోతు కుదరాలి, తర్వాత వేగం. రంగు గురించి ఆ రెండూ కుదిరాక ఆలోచించండి.

లోతుని నిర్ణయించేది చల్లదనం. షినూక్‌కి 50 నుంచి 54 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సెల్సియస్‌లో 10 నుంచి 12, హాయిగా ఉంటుంది. స్టీల్‌హెడ్ అనే ట్రౌట్ రకం ఇంకాస్త వెచ్చటి నీళ్లలో, తరచుగా పైపైనే తిరుగుతుంది. లేక్ ట్రౌట్‌కి 50 లోపు కావాలి, అందుకే అడుగుకి దగ్గరగా ఉంటుంది. జులైలో పైన నీళ్లు 70 డిగ్రీలు ఉంటాయి. కిందికి పోతుంటే ఒక చోట పది, ఇరవై అడుగుల వ్యవధిలోనే ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది. ఈ పొరనే థర్మోక్లైన్ అంటారు. ఆ పొర చుట్టుపక్కలే వెతకాలి.

నిన్న 60 అడుగుల దగ్గర పడ్డాయి కదా అని ఇవాళ కళ్లు మూసుకుని 60కే దించకండి. రాత్రంతా గట్టి గాలి ఒకవైపు నుంచి వీస్తే పైనున్న వెచ్చటి నీళ్లు అవతలికి కొట్టుకుపోతాయి, కింది చల్లటి నీళ్లు ఒడ్డు దగ్గర పైకి తేలుతాయి. నిన్న ఈత కొట్టిన బీచ్‌లో ఇవాళ కాలు పెట్టలేం. చేపలు కూడా ఆ చల్లటి నీళ్లతోపాటే కదులుతాయి. రోజూ పొద్దున్నే ఉష్ణోగ్రత కొలవండి. తీగ చివర సెన్సర్ ఉండే పరికరం ఖరీదైనదే. బడ్జెట్ లేకపోతే, రీడింగులు దాచుకునే చిన్న థర్మామీటర్‌ని ఇప్పుడు చెప్పబోయే డౌన్‌రిగ్గర్ గుండుకి కట్టి దించి, పైకి లాగి చూసుకోవచ్చు.

[కెమెరా దగ్గరగా: బోటు వెనక అంచున బిగించిన డౌన్‌రిగ్గర్. చక్రం, తీగ, చివర సీసపు గుండు.]

గాలాన్ని ఆ లోతుకి చేర్చే పరికరాల్లో ముందుగా డౌన్‌రిగ్గర్ నేర్చుకోండి. ఒక చక్రం, సన్నని ఉక్కు తీగ, చివర 10 నుంచి 15 పౌండ్ల గుండు. గుండు దగ్గర ఒక క్లిప్. గాలం లైన్‌ని ఆ క్లిప్‌కి తగిలించి గుండుని దించుతాం. చేప లాగితే లైన్ క్లిప్ నుంచి ఊడిపోతుంది. ఆ తర్వాత మీ చేతిలో గుండు బరువు ఉండదు, చేప ఒక్కటే ఉంటుంది.

దించే పద్ధతి చూడండి. బోటు కదులుతుండగానే స్పూన్ నీళ్లలో వేసి, పక్కనే రెండు క్షణాలు చూడండి. అటూ ఇటూ ఊగుతుంటే సరే. గిరగిరా తిరుగుతుంటే వేగం ఎక్కువైంది, లేదా స్వివెల్‌కి, అంటే లైన్ మెలిపడకుండా తిరిగే చిన్న కీలుకి, నాచు పట్టింది. సరిగ్గా ఉంటే 15, 20 అడుగుల లైన్ వెనక్కి వదలండి. లోతు తక్కువ ఉండి నీళ్లు తేటగా ఉంటే 50 నుంచి 100 అడుగులు. లైన్‌ని క్లిప్‌లో పెట్టండి. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. క్లిప్ నోట్లోకి లైన్ ఎంత లోపలికి పోతే పట్టు అంత గట్టిగా ఉంటుంది. మరీ లోపలికి తోస్తే రెండు పౌండ్ల కోహో పడినా ఊడదు. అంచుకే తగిలిస్తే అల తగిలినప్పుడల్లా ఊడి వచ్చేస్తుంది. వేలితో లాగి చూస్తే కాస్త మొరాయించి ఊడాలి.

ఇప్పుడు రీల్ స్పూల్ మీద బొటనవేలు ఆనించి, లైన్ బిగువు తప్పకుండా, గుండుని నిదానంగా దించండి. తొందరపడితే లైన్ వదులై స్పూన్ పోయి ఉక్కు తీగకి చుట్టుకుంటుంది. గంటసేపు తిప్పినా చేప పడదు. ఎందుకో పైకి లాగితే గానీ తెలియదు. అనుకున్న లోతు వచ్చాక రాడ్‌ని హోల్డర్‌లో పెట్టి, చివర బాగా వంగేదాకా రీల్ చుట్టండి. ఇక చూపు ఆ వంపు మీదే ఉండాలి. చేప కొట్టగానే వంగిన రాడ్ టక్కున పైకి లేస్తుంది. కొత్తవాళ్లు లైన్ తెగిందనుకుంటారు. తెగలేదు, క్లిప్ ఊడింది. వెంటనే రాడ్ అందుకుని వదులైన లైన్‌ని గబగబా చుట్టాలి. ఇంకోటి, రాడ్ లేవకుండా చివర మాత్రం సన్నగా అదురుతుంటే చిన్న చేప తగిలి క్లిప్ ఊడదీయలేక కిందే కొట్టుకుంటోందని. దాన్ని అలాగే ఈడ్చుకుపోకండి.

డౌన్‌రిగ్గర్ మీది మీటర్ 80 అడుగులు చూపిస్తే గుండు 80 దగ్గరే ఉందనుకోవద్దు. వేగానికి తీగ వెనక్కి వాలుతుంది కాబట్టి అసలు లోతు అంతకంటే తక్కువే. తేలిక గుండు ఎక్కువ వాలుతుంది. లోతుగా వేసేవాళ్లు 12, 15 పౌండ్లవి వాడేది అందుకే.

ఈ వాలు ఇంకో సంగతి కూడా చెబుతుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

[తెర మీద: జీపీఎస్‌లో 2.5. పక్కన తీగ బాగా వెనక్కి వాలి ఉంది. బోటు తిరిగాక అదే 2.5, తీగ దాదాపు నిటారుగా ఉంది.]

స్పూన్లకి గంటకి 2.2 నుంచి 2.8 మైళ్ల వేగం, లేక్ ట్రౌట్‌కైతే ఇంకా నిదానంగా 1.5 నుంచి 2 అని అంటారు. ఆ లెక్క సరైనదే, కానీ అది ఎర దగ్గర ఉండాల్సిన వేగం. జీపీఎస్ చెప్పేది నేలతో పోలిస్తే బోటు వేగం. ఈ సరస్సులో పైనొక ప్రవాహం, కిందొక ప్రవాహం ఉంటాయి. ఎదురు ప్రవాహంలో పోతుంటే స్పూన్ 3 మైళ్లు దాటి గిరగిరా తిరిగిపోవచ్చు. ప్రవాహం వెంట పోతుంటే ఊగడం మానేసి వేలాడుతుండచ్చు. జీపీఎస్‌లో మాత్రం రెండుసార్లూ 2.5. ఉత్తరం వైపు పోతే నాలుగు పడి, దక్షిణం వైపు తిరిగితే ఒక్కటీ పడకపోతే, చేపలు వెళ్లిపోలేదు, మీ వేగం మారింది. పడ్డప్పుడు తీగ ఎంత వాలిందో గుర్తుపెట్టుకుని, తిరిగాక మళ్లీ అదే వాలు వచ్చేదాకా ఇంజిన్ సర్దండి.

మలుపులో కూడా ఇదే సూత్రం. బోటు కుడికి తిరిగితే కుడివైపు గాలాలు నెమ్మదించి కిందికి దిగుతాయి, ఎడమవైపువి వేగం పుంజుకుని పైకి లేస్తాయి. లోపలివైపు రాడ్‌కి కొడితే వేగం కాస్త తగ్గించి చూడండి. బయటివైపు కొడితే పెంచండి. మలుపు మాత్రం పెద్దగా, నిదానంగా తీసుకోండి. చటుక్కున తిప్పితే నాలుగు లైన్లూ ఒకే జడ. ఇంజిన్ ఎంత తగ్గించినా 3 మైళ్ల లోపుకి రాకపోతే 9.9 హార్స్‌పవర్ చిన్న మోటారైనా పెట్టుకోవాలి, బోటు పక్కన నీటి సంచులైనా ఈడ్చాలి.

రెండో పరికరం డిప్సీ డైవర్. అరచేతి సైజు గుండ్రటి బిళ్ల. నీళ్లలో ఏటవాలుగా పోతూ లైన్‌ని కిందికీ పక్కకీ లాగుతుంది. అడుగున 0 నుంచి 3 దాకా అంకెలుంటాయి. 3 పెడితే పక్కకి ఎక్కువ పోతుంది, లోతు తగ్గుతుంది. ఎంత లైన్‌కి ఎంత లోతో దానితో వచ్చే పట్టికలో ఉంటుంది. లెక్క తెలియాలంటే లైన్ కౌంటర్ ఉన్న రీల్ ఉండి తీరాలి. లీడర్, అంటే డైవర్‌కీ ఎరకీ మధ్య ఉండే లైన్, పొడవు రాడ్ కంటే తక్కువ ఉండాలి. 9 అడుగుల రాడ్‌కి 7 అడుగుల లీడర్. 12 అడుగులు కడితే డైవర్ రాడ్ చివరికి వచ్చి ఆగిపోతుంది, చేప ఇంకా వల అందనంత దూరంలో కొట్టుకుంటుంటుంది. ఈ తప్పుకి పోయిన చేపలకి లెక్కలేదు.

లెడ్‌కోర్ లోపల సీసం ఉన్న లైన్. ప్రతి 10 గజాలకి రంగు మారుతుంది, ఒక్కో రంగుకి సుమారు 5 అడుగులు దిగుతుంది. మొదటి ఏడాది అది లేకపోయినా నడుస్తుంది. రెండు డౌన్‌రిగ్గర్లు, రెండు డిప్సీలు, నాలుగు వేర్వేరు లోతులు. ఒకే లోతులో రెండు కొట్టాయంటే మిగతావి కూడా అటు జరపండి.

ఎరల్లో స్పూన్ తర్వాత ఫ్లాషర్ అనే పలక, దాని వెనక ఫ్లై అనే కుచ్చు. పలక గుండ్రంగా తిరుగుతూ వెనకున్న కుచ్చుని విదిలిస్తుంది. 8 అంగుళాల పలకకి కుచ్చు రెండడుగుల దూరంలో ఉండాలి. దూరం ఎక్కువైతే ఆ విదిలింపు పోతుంది, కుచ్చు చచ్చిన దానిలా వెంట వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో దక్షిణం కొసన, అంటే మిషిగన్ సిటీ, షికాగో, వాకీగన్ దగ్గర, నీళ్లు ముందు వేడెక్కుతాయి. కోహో అక్కడ లోతు తక్కువ నీళ్లలోనే దొరుకుతుంది. దానికి చిన్న నారింజ రంగు డాడ్జర్, అంటే అటూ ఇటూ ఊగే పలక, వెనక చిన్న ఫ్లై. రంగు నిజంగా పనిచేసే సందర్భం ఇదొకటి. ఇంకోటి తెల్లవారుజామున షినూక్‌కి చీకట్లో మెరిసే స్పూన్. ఆగస్టు ఆఖరు నుంచి షినూక్‌లు గుడ్లు పెట్టడానికి నదీముఖాల దగ్గర, రేవుల దగ్గర చేరతాయి.

చేప పడ్డాక బోటు ఆపకండి. లైన్ వదులైతే కొక్కెం జారిపోతుంది, మిగతా గాలాలు కిందికి దిగి చిక్కుపడతాయి. 20 పౌండ్ల లైన్‌కి డ్రాగ్, అంటే రీల్ బ్రేకు, 4, 5 పౌండ్ల దగ్గర ఉంచి, షినూక్ పరిగెడితే పరిగెట్టనివ్వండి. వలని చేప వెంట పరిగెత్తించకండి. నీళ్లలో ముంచి ఉంచి, చేపనే తలవైపు నుంచి అందులోకి నడిపించాలి. తోకవైపు నుంచి తోస్తే అది ముందుకే దూకుతుంది.

వేసవి చివర్లో లైన్ మీద జిగురు గుత్తులు పట్టుకుంటాయి. స్పైనీ వాటర్ ఫ్లీ అనే చిన్న నీటి జీవి ముళ్ల తోకలవి. అవి రాడ్ చివరి రింగులో ఇరుక్కుంటే లైన్ కదలదు. డౌన్‌రిగ్గర్ రాడ్‌కి 30 పౌండ్ల లావు మోనో (ఒంటిపోగు నైలాన్ లైన్) వేస్తే చాలావరకు తగ్గుతుంది.

[తెర మీద: లైఫ్ జాకెట్, వీహెచ్‌ఎఫ్ రేడియో.]

ఏప్రిల్‌లో నీళ్లు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ చిల్లర. పడితే నిమిషాల్లో చేతులు స్వాధీనం తప్పుతాయి. జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. రేడియో 16వ ఛానల్ మీద ఉంచండి. షికాగో వైపు పడమటి గాలి వీచే రోజున ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి, మూడు మైళ్లు లోపలికి పోతే అలలు పెద్దవై ఉంటాయి. తిరుగు ప్రయాణం వాటికి ఎదురు. మొదటిసారి చార్టర్ బోటులో వెళ్లి, డెక్ మీద పనిచేసే కుర్రాడి చేతులు గమనించండి.

లైసెన్సుతోపాటు ఇల్లినాయ్‌లో సాల్మన్ స్టాంప్, విస్కాన్సిన్‌లో గ్రేట్ లేక్స్ ట్రౌట్, సాల్మన్ స్టాంప్ తీసుకోవాలి. మనిషికి ఎన్ని రాడ్లు, రోజుకి ఎన్ని చేపలు అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. లేక్ ట్రౌట్‌కి వేరే లెక్క ఉండొచ్చు కాబట్టి ఏది ఏదో గుర్తుపట్టాలి. షినూక్‌కి చిగుళ్లు నల్లగా, తోక మొత్తం మీద మచ్చలు. కోహోకి చిగుళ్లు తెల్లగా, మచ్చలు తోక పైభాగంలోనే. లేక్ ట్రౌట్ తోక లోతుగా చీలి ఉంటుంది, ముదురు ఒంటి మీద లేత చుక్కలు.

పట్టగానే మొప్పలు కోసి రక్తం కారనిచ్చి, ఐసులో పెట్టండి. వండేటప్పుడు మనవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఈ సరస్సు చేపల కొవ్వులో పీసీబీలనే పాత పారిశ్రామిక రసాయనాలు చేరతాయి. వయసు మీరిన పెద్ద షినూక్, లేక్ ట్రౌట్‌లలో ఎక్కువ, వసంతకాలపు చిన్న కోహోలో తక్కువ. తోలు, పొట్ట దగ్గరి కొవ్వు, వీపు మీది కొవ్వు, పక్కల మధ్యనుంచి పోయే ముదురు రంగు కండ తీసేయాలి. జాలీ మీద కాలిస్తే మిగిలిన కొవ్వు కిందికి కారిపోతుంది. పులుసు పెడితే అదంతా పులుసులోనే దిగుతుంది. అందుకని పులుసుకి చిన్న కోహో తీసుకుని, తోలూ కొవ్వూ శుభ్రంగా తీసేశాకే ముక్కలు వేయండి. గర్భిణులు, పిల్లలు నెలకి ఎన్నిసార్లు తినొచ్చో మీ రాష్ట్ర ఆరోగ్యశాఖ పట్టికలో చేప పేరు, పొడవుల వారీగా ఉంటుంది. ముక్కలు కోయకముందే చేపని టేపుతో కొలిచి రాసుకోండి.